మాంట్రోజ్‌కు వెన్నుపోటు పొడిచింది ఎవరు?

పదిహేడో శతాబ్దపు స్కాట్లండ్ సేనాని జేమ్స్ గ్రాహమ్‌ను మాంట్రోజ్ అనే బిరుదుతోనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఆయన గురించి ఎప్పటినుంచో చెప్పుకునే కథ ఒకటి ఈమధ్య తెలుగులోకి దిగి, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోకి కూడా వచ్చింది. దాని సారాంశం ఇది: ఆయన ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డాడు, మొదటినుంచీ రాజునే నమ్ముకున్నాడు, హైలాండ్ కొండవాళ్లతోనే అన్ని యుద్ధాలూ గెలిచాడు, సామాన్యుల జోలికి పోలేదు, ఆఖరికి ఒక ఇంటిదొంగ డబ్బుకు ఆశపడి వెన్నుపోటు పొడిస్తే ఉరికంబం ఎక్కాడు. వినడానికి బాగానే ఉంది. విప్పి చూస్తే ఒక్క ముడీ నిలవదు.

ఇంగ్లీషువాళ్ల మీద పోరాటం అన్నమాటతో మొదలుపెడదాం. మాంట్రోజ్ ఓడించిన సైన్యాలు స్కాట్లండ్ ప్రభుత్వానివి, అందులో ఉన్నదీ స్కాట్లే. ఆయన ఎవరికోసం కత్తి పట్టాడో ఆ మొదటి చార్లెస్ ఇంగ్లండ్‌కూ రాజే, స్కాట్లండ్‌కూ రాజే. 1643లో స్కాట్లండ్‌ను ఏలుతున్న కవెనంటర్లు, అంటే 1638 నాటి జాతీయ ఒడంబడిక పక్షంవాళ్లు, ఇంగ్లీషు పార్లమెంటుతో పొత్తు కుదుర్చుకుని, మరుసటి జనవరిలో రాజు మీదికి దక్షిణాదికి సైన్యాన్ని పంపారు. ఆ సైన్యం వీపు వెనక మంట పెట్టడమే మాంట్రోజ్ పని. ఇంట్లోవాళ్లే రెండు జట్లుగా చీలి కొట్టుకున్న యుద్ధం అది.

మొదటినుంచీ రాజభక్తుడన్న మాట అంతకంటే తేలిక. రాజు తన ప్రార్థనా పద్ధతిని స్కాట్లండ్ నెత్తిన రుద్దబోతే, దాన్ని ఎదిరిస్తూ 1638లో రాసుకున్న జాతీయ ఒడంబడిక మీద సంతకం చేసినవాళ్లలో మాంట్రోజ్ ఒకడు. 1640లో రాజుకు వ్యతిరేకంగా ట్వీడ్ నది దాటి ఇంగ్లండ్‌లోకి అడుగుపెట్టిన స్కాట్ సేనలో ముందు వరసలో ఉన్నదీ ఆయనే. మతం పేరు చెప్పి ఆర్గైల్ ప్రభువు, అంటే క్యాంప్‌బెల్ తెగ పెద్ద, అధికారమంతా గుప్పిట్లో పెట్టుకుంటున్నాడని అనుమానించాక మెల్లగా పక్కకు జరిగాడు. 1641లో ఆ ప్రభుత్వమే ఆయన్ని ఎడింబరో కోటలో ఖైదు చేసింది. గమ్మత్తేమిటంటే, చావు ముంగిట నిలబడి కూడా 1638 ఒడంబడిక తప్పని ఆయన ఒప్పుకోలేదు. ఇంగ్లీషు పార్లమెంటుతో చేసుకున్న రెండో ఒప్పందాన్నే తప్పుపట్టాడు. పార్టీ మారానని ఆయన అనుకోలేదు, పార్టీయే దారి తప్పిందనుకున్నాడు. ఈ రోజుల్లో మనకు బాగా తెలిసిన మాటే.

హైలాండర్లతోనే గెలిచాడా? 1644 సెప్టెంబరు 1న టిప్పర్‌మ్యూర్‌లో మొదలై 1645 ఆగస్టు 15న కిల్సిత్‌లో ముగిసిన ఆరు విజయాలకు వెన్నెముక ఐర్లండ్ నుంచి వచ్చిన దాదాపు 2,000 మంది కాల్బలం. వాళ్ల నాయకుడు అలస్డేర్ మక్ కొల్లా. గుర్రపు బలం గోర్డన్ తెగవాళ్లది. హైలాండర్లు గొప్పగా పోరాడారు, సందేహం లేదు. కాకపోతే గెలిచిన సొమ్ము ఇంటికి చేర్చడానికి మధ్యమధ్యలో వెళ్లిపోయేవాళ్లు. కథల్లో ఐరిష్‌వాళ్లు ఎందుకు మాయమయ్యారో నాకు అర్థంకాదు.

సామాన్యుల జోలికి పోలేదన్నది చదివితే మాత్రం ఒళ్లు మండుతుంది. అబర్డీన్ సంగతి చూడండి. ఆ ఊరు మొదటినుంచీ రాజు వైపు మొగ్గినదే. 1639లో కవెనంటర్ల సేనానిగా ఆ ఊరి మెడలు వంచడానికి వెళ్లింది మాంట్రోజే. కవెనంటర్ సైనికులు నీలం రిబ్బన్లు కట్టుకునేవాళ్లు. వాళ్లను వెక్కిరించడానికి ఊరి ఆడవాళ్లు తమ పెంపుడు కుక్కల మెడలకు నీలం రిబ్బన్లు కట్టారు. సైనికులు కుక్కల్ని చంపేశారు. అయిదేళ్ల తర్వాత, 1644 సెప్టెంబరు 13న, అప్పటికి కవెనంటర్ల చేతిలో ఉన్న ఆ ఊరి మీదికి అదే మాంట్రోజ్ ఈసారి రాజు జెండాతో వచ్చాడు. లొంగిపొమ్మని పంపిన దూత వెంట వెళ్లిన డప్పు కుర్రాడిని అవతలివాళ్లు కాల్చి చంపారు. ఆ కోపంతో, గెలిస్తే ఊరు మీదేనని ఆయన తన సైనికులకు మాటిచ్చాడు. తర్వాత రోజుల తరబడి దోపిడీ, చంపడం సాగాయి. ఆ ఊళ్లోనే ఉండి, రాజు పక్షాన్నే అభిమానించే జాన్ స్పాల్డింగ్ రాసిపెట్టాడు: మంచి బట్టలేసుకున్న మనిషి దొరికితే, బట్టలు పాడవకుండా ముందు విప్పించి ఆ తర్వాత చంపేవాళ్లట. వందకు పైగా జనం పోయారు. అవతలి పక్షం శుద్ధపూసలని కాదు. మరుసటి ఏడాది ఫిలిప్‌హాఫ్ యుద్ధంలో మాంట్రోజ్ మీద గెలిచాక వాళ్లు సైన్యం వెంట వచ్చిన ఆడవాళ్లను కూడా నరికారు. అయినా ఒకరి పాపం ఇంకొకరి లెక్కలోంచి తీసేయలేం కదా.

ఇక వెన్నుపోటు. 1645 సెప్టెంబరు 13న ఫిలిప్‌హాఫ్‌లో ఎవరూ మోసం చేయలేదు. మక్ కొల్లా తన తెగ పగలు తీర్చుకోవడానికి పడమటికి పోయాడు, గోర్డన్‌లూ వెళ్లిపోయారు. మిగిలింది కొద్ది బలం. పొగమంచులో కవెనంటర్ల సేనాని డేవిడ్ లెస్లీ గుర్రపు దళం మీదపడే సమయానికి మాంట్రోజ్ సైన్యం దగ్గర లేడు, పక్కనే సెల్కర్క్ ఊళ్లో ఉన్నాడు. శత్రువు జాడ ముందే పసిగట్టకపోవడం సేనాని తప్పే. 1650 ఏప్రిల్ 27న కార్బిస్‌డేల్‌లోనూ అంతే. ఆర్క్నీ దీవుల నుంచి తెచ్చిన, యుద్ధం ఎరగని కుర్రాళ్లు శత్రువుల గుర్రాలు చూసి చెల్లాచెదురయ్యారు. అసింట్‌కు చెందిన నీల్ మక్లౌడ్ ఆయన్ని పట్టి ఇచ్చిన మాట నిజమే, కానీ అది ఓటమి తర్వాత, దిక్కులేక తిరుగుతున్నప్పుడు.

అసలు వెన్నుపోటు ఇంకో చోట ఉంది. 1650 జనవరిలో, తండ్రి మొదటి చార్లెస్ తల తెగాక రాజైన రెండో చార్లెస్ మాంట్రోజ్‌కు గార్టర్ అనే గొప్ప బిరుదు పంపి, కవెనంటర్లతో మాటలు నడుస్తున్నా నువ్వు ఆగవద్దని రాశాడు. కార్బిస్‌డేల్ ఓటమికి నాలుగైదు రోజులు తిరక్కుండానే, ఆ కవెనంటర్ల షరతులకు నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో తల ఊపాడు. మే 21న ఎడింబరోలో ముప్ఫై అడుగుల ఉరికంబం మీద, తన యుద్ధాల గురించి అభిమాని ఒకరు రాసిన పుస్తకాన్ని మెడకు వేలాడదీసి మాంట్రోజ్‌ను ఉరితీశారు. కాళ్లూ చేతులూ నాలుగు ఊళ్లకు పంపారు, తలను టోల్‌బూత్ జైలు కొమ్మున గుచ్చారు. నెల తిరిగేసరికి రాజు స్కాట్లండ్‌లో దిగి ఒడంబడిక మీద సంతకం పెట్టాడు. 1651 జనవరి 1న స్కోన్‌లో ఆయన తల మీద కిరీటం పెట్టింది ఆర్గైల్. పదేళ్లు గడిచి రాజ్యం చేతికొచ్చాక మాంట్రోజ్ తలను దింపించి, 1661 మే 11న ఘనంగా అంత్యక్రియలు జరిపించారు. అదే నెలలో ఆర్గైల్ తల నరికించి, ఖాళీ అయిన ఆ కొమ్ముకే గుచ్చారు.