ఆ బంగారం చేతకాక పూసింది కాదు

ఒక బొమ్మ ఈమధ్య ఫోన్లలో తెగ తిరుగుతోంది. ఎడమవైపు 1300 ప్రాంతపు ఇటలీ మేరీమాత: వెనకంతా బంగారం, ముఖం ఆకుపచ్చగా, ఒడిలో పెద్దమనిషి ముఖంతో బాల యేసు. కుడివైపు రెండు వందల ఏళ్ల తర్వాత ఇటలీ చిత్రకారుడు రాఫెల్ వేసిన మేరీమాత. కింద రాత: "బొమ్మ వేయడం నేర్చుకోవడానికి వీళ్లకి 200 ఏళ్లు పట్టింది. వెనక ఏం వేయాలో తెలియక బంగారం పూసేవాళ్లు. పర్‌స్పెక్టివ్ తెలీదు, పసిపిల్లల్ని వేయడం రాదు. రినైసాన్స్ రాగానే ఒక్కసారిగా అన్నీ వచ్చేశాయి." పర్‌స్పెక్టివ్ అంటే చదునైన బొమ్మలో లోతు చూపడం. రినైసాన్స్ అంటే 15, 16 శతాబ్దాల్లో ఇటలీ కళలు కొత్త మలుపు తిరిగిన కాలం.

ఈ చెక్కపలక చిత్రాలంటే నాకు ప్రాణం. అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్తున్నాను.

ముందు బంగారం సంగతి. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నీని అనే చిత్రకారుడు ఈ పనంతా ఎలా చేస్తారో వివరంగా రాసిపెట్టాడు. పాప్లర్ చెక్క పలకకి జిగురు పట్టించి, నారగుడ్డ అంటించి, జిప్సం పొడి కలిపిన జిగురు పూతలు పొర మీద పొర వేసి, దంతంలా నున్నబడేదాకా గీకాలి. బంగారం వచ్చేచోట ఎర్ర బంకమన్ను పూయాలి. దాని మీద, ఊపిరి తగిలితేనే ఎగిరిపోయే బంగారు రేకుల్ని ఒక్కొక్కటిగా పరచాలి. నున్నటి రాయితోనో కుక్కపన్నుతోనో రుద్ది మెరుగు పెట్టాలి. తల చుట్టూ ఉండే కాంతివలయంలో చిన్న చిన్న అచ్చులతో కొట్టి నగిషీ తేవాలి. ఇదంతా అయ్యాకే గుడ్డు సొనలో కలిపిన రంగుల జోలికి వెళ్లేవాళ్లు. ఏం వేయాలో తోచని మనిషి ఇంత చాకిరీ చేస్తాడా?

ఆ బంగారం ఎందుకో ఫోన్ తెర మీద తెలియదు. ఆ పలకలు ఉండేది చీకటి చర్చిలో, బలిపీఠం మీద, కొవ్వొత్తుల ముందు. మంట కదిలితే బంగారం మీద వెలుగు కూడా కదులుతుంది. మేరీ ఆ వెలుగులోంచి మన ముందుకు వస్తున్నట్టు ఉంటుంది. చూసే భక్తులకి అది దేవుడి వెలుగే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇటలీలోని సియెనా నగర చిత్రకారుడు దుచ్చో వేసిన చిన్న మేరీ పటం ఒకటుంది. దాని చట్రం అడుగున కొవ్వొత్తులు కాల్చిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ మచ్చలు చూస్తే ఆ పటం ముందు ఎవరో తలవంచి ప్రార్థించారని గుర్తొచ్చి మనసు ఆగిపోతుంది.

ఇంకో విషయం. బంగారం వేయాలా వద్దా అన్నది చాలాసార్లు డబ్బిచ్చేవాళ్ల నిర్ణయం. 1445లో ఇటలీలోని సాన్‌సెపోల్క్రో ఊరి భక్తసంఘం ఒకటి బలిపీఠ చిత్రం కోసం చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కాతో ఒప్పందం రాసుకుంది. మేలిమి బంగారం వేయాలని అందులోనే ఉంది. తర్వాత పర్‌స్పెక్టివ్ మీద ఏకంగా ఒక గ్రంథమే రాసిన మనిషి ఆయన. ఆ చిత్రం వెనక కూడా బంగారమే.

పర్‌స్పెక్టివ్ తెలీదన్న మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. లెక్క ప్రకారం లోతు చూపే పద్ధతి 15వ శతాబ్దం మొదట్లో ఫ్లోరెన్స్‌లో వాస్తుశిల్పి బ్రునెల్లెస్కీ ప్రయోగాలతో కుదిరింది. 1435లో ఆల్బెర్టీ అనే పండితుడు దాన్ని రాతలో పెట్టాడు. కానీ అంతకు 91 ఏళ్ల ముందే, 1344లో, సియెనాలో చిత్రకారుడు అంబ్రోజో లొరెంజెత్తీ వేసిన పలక చూడండి. దేవదూత మేరీకి శుభవార్త చెప్తున్న ఘట్టం. కింద నేల మీద పరిచిన గళ్ల గీతలు లోపలికి పోతూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. నేల అంత లోతుగా ఉంటే, దాని పైనంతా బంగారం. లోతు చూపడం తెలిసిన చెయ్యే బంగారాన్నీ కోరుకుంది. ఆయన సోదరుడు పియెత్రో 1342లో మేరీ పుట్టుక వేసినప్పుడు, పలక చట్రపు స్తంభాలనే గది స్తంభాలుగా వాడుకున్నాడు. మనం బయట నిలబడి ఇంట్లోకి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. 1348 ప్లేగు సియెనాను ఊడ్చేసింది. ఈ ఇద్దరూ అందులోనే పోయారని చరిత్రకారులు భావిస్తారు. వాళ్లు బతికి ఉంటే ఈ కథ ఎలా నడిచేదోనని నాకెప్పుడూ బాధే.

ఇక పసిపిల్లలు. ఆ పెద్దరికపు ముఖం బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు పటాల నుంచి వచ్చిన సంప్రదాయం. ఈ బిడ్డ పసితనంలోనే సర్వం తెలిసినవాడని చెప్పడానికి అలా వేసేవాళ్లు. అందుకే చాలా పటాల్లో చేతిలో రాతచుట్ట, వేళ్లు దీవిస్తున్నట్టు ఉంటాయి. బిడ్డని బిడ్డలా వేయాలనుకున్నప్పుడు వేశారు కూడా. ఇందాకటి దుచ్చో పటంలో బాల యేసు చేయి చాచి తల్లి ముసుగు పక్కకు తోస్తుంటాడు. అంబ్రోజో పలక ఒకదాంట్లో పాలు తాగుతూనే కళ్లు తిప్పి మనవైపు చూస్తుంటాడు. పిల్లల్ని ఎత్తుకున్న ఎవరికైనా ఆ చూపు తెలుసు.

ఆకుపచ్చ ముఖాలా? చర్మం రంగు కింద ఆకుపచ్చ మన్ను పూత వేసేవాళ్లు. పైన వేసిన గులాబీ రంగు కాలానికీ, మోటుగా చేసిన శుభ్రతలకీ అరిగిపోయి అడుగు రంగు బయటపడింది. అంతే.

చివరగా ఆ "ఒక్కసారిగా". ఫ్లోరెన్స్ ఉఫీజీ మ్యూజియంలో ఒకే చోట మూడు పెద్ద మేరీ పలకలున్నాయి: చిమాబూయే, దుచ్చో, జొత్తో వేసినవి. దుచ్చోది 1285 నాటిది, జొత్తోది 1310 ప్రాంతానిది. మూడింట్లోనూ బంగారమే. కానీ జొత్తో దగ్గరికి వచ్చేసరికి మేరీ మోకాళ్లు బట్ట కింద తెలుస్తాయి, ఆమె బరువుగా సింహాసనం మీద కూర్చుంటుంది. మార్పు పాత పలకల మీదే, పాత పనిముట్లతోనే, ఒక్కో తరం చేతిలో జరిగింది.

1426లో చిత్రకారుడు మసాచో పీసా నగరంలోని ఒక చర్చి కోసం వేసిన మేరీ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వెలుగు ఒక పక్క నుంచి పడుతుంది, సింహాసనం రాతికట్టడంలా నిలబడుతుంది. బిడ్డ తల మీది కాంతివలయం కూడా పళ్లెం వంచి పట్టుకున్నట్టు వాలి కనిపిస్తుంది. ఆ బిడ్డ వేళ్లు నోట్లో పెట్టుకుని ద్రాక్షపళ్లు తింటున్నాడు. వెనకంతా బంగారం.