వీల్ అలైన్‌మెంట్ కంప్యూటర్ గారికి

మహారాజశ్రీ కంప్యూటర్ గారి సముఖమునకు, గూడూరు నిమ్మకాయలను చెన్నై కోయంబేడు మార్కెట్టుకు చేరవేసే ఒక పికప్ బండి యజమాని నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆచారం. రాయలేకపోతున్నాను. ఈ మధ్యాహ్నం తమరు ప్రసాదించిన కాగితం డాష్‌బోర్డు మీదే ఉంది. టో, క్యాంబర్, క్యాస్టర్ అనే చక్రాల కోణాలన్నీ ఆకుపచ్చ రంగులో, డిగ్రీలూ నిమిషాలతో సహా. ఇంత దోషం లేని జాతకం మా వంశంలో ఎవరికీ లేదు. ఆ కాగితం మడత పెట్టకముందే, పాడి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా బండి తనంతట తానే ఎడమకు బయలుదేరింది. స్టీరింగ్ కుడికి తిప్పితే మొదట ఏమీ జరగలేదు, ఆ తర్వాత కావలసిన దానికంటే ఎక్కువే జరిగింది. పక్కనున్న బస్సు డ్రైవరు మా పూర్వీకులను తమిళంలో తలచుకున్నాడు.

తమరి కొలతలను శంకించేంత వాడిని కాను. నిలబడి ఉన్న చక్రం ఏ కోణంలో ఉందో తమరు సరిగ్గానే చెబుతారు. కానీ నేను బండి కొన్నది నిలబెట్టడానికి కాదు. స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే టై రాడ్ చివరి బాల్ జాయింట్ అరిగిపోతే, తమరి సన్నిధిలో ఉన్నంతసేపూ ఒక పక్కకు ఒదిగి బుద్ధిగా ఉంటుంది. బ్రేకు వేసినా, గుంతలో పడినా రెండో పక్కకు జారుతుంది. అప్పుడు తమరు నిమిషాల లెక్కన సరిదిద్దిన టో ఎక్కడికి పోయినట్టు? ముందుగా కీళ్లలో, వీల్ బేరింగుల్లో ఆట, అంటే వదులు, ఉందో లేదో చూడాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. తమరి కుర్రవాడు చక్రాలకు క్లాంపులు తగిలించాడు, తెర వైపు చూశాడు, బిల్లు వైపు చూశాడు. బండి కిందకు మాత్రం చూడలేదు.

నైట్రోజన్ గాలి నింపమంటారా అని కూడా అడిగాడు. అది వేరే ఉత్తరం.

అంతకుముందు ఒక షెడ్డులో స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ బిగించి పంపారు. దాంతో స్టీరింగ్ బిగుసుకుపోయి, మలుపు తిరిగాక తనంతట తాను నడిమికి రావడం మానేసింది. ఆట మాత్రం ఉన్న చోటే ఉంది.

చివరికి పుదుప్పేటలో ఒక పెద్దాయన జాకీ కూడా ఎత్తలేదు. చక్రాలు నేల మీదే ఉండగా మా క్లీనరుతో స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఊపమని చెప్పి, తాను గోనెసంచి పరుచుకుని కిందకు దూరాడు. ఒక్కో కీలు మీదా వేలు పెట్టి చూశాడు. స్టీరింగ్ బాక్సుకు తగిలించిన పిట్‌మన్ ఆర్మ్ కదిలిన వెంటనే, దానికి కలిపిన డ్రాగ్ లింకు కదులుతోంది, అక్కడ తప్పు లేదు. ఎడమ టై రాడ్ ఎండ్ దగ్గర మాత్రం రాడ్డు కదిలాక, ఓ క్షణం ఆలోచించుకుని చక్రం కదులుతోంది. రబ్బరు తొడుగు చిరిగి, లోపల గ్రీజు బురదయింది. 2023 మిచౌంగ్ తుఫాను నీళ్లలో నానినప్పటి నుంచీ అలాగే ఉందేమో. చేతి వేలికి తెలిసిన సంగతి అది! అంత తెర పెట్టుకుని, అన్ని సెన్సార్లు పెట్టుకుని, నీకెందుకు తెలియలేదు? ఆ కీలు ఊడి ఉంటే నేను తడ దాటేవాడినా? నీ ఆకుపచ్చ కాగితం అప్పుడు ఎవరికి చూపించాలి?

క్షమించాలి, మర్యాద తప్పాను.

పెద్దాయన చక్రం వైపు ఆర్మ్‌లో జాయింట్ దూరే కంటి మీద పక్క నుంచి సుత్తితో రెండు దెబ్బలు వేస్తే పాత జాయింట్ ఊడివచ్చింది. దాని పొడవు కొలిచి కొత్తది అంతే పొడవుకు బిగించాడు. నట్టు గాడి, అది ఊడకుండా వేసే పిన్ను రంధ్రానికి కలవకపోతే వెనక్కు వదల్లేదు, ఇంకాస్త బిగించే కలిపాడు. పాత స్ప్లిట్ పిన్ను అవతల పారేసి కొత్తది వేశాడు. నాకు కాస్త ఊపిరి తిరిగింది.

అప్పుడాయన చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "టై రాడ్ మార్చాం కదా, ఇక అలైన్‌మెంట్ చేయించుకోండి."

కాబట్టి రేపు ఉదయం మళ్లీ తమరి దర్శనానికి వస్తున్నాను. డబ్బు మళ్లీ ఇస్తాను, తప్పదు. కానీ ఈసారి గోనెసంచి నేనే తెస్తాను. తమరి కుర్రవాడు దాని మీద పడుకుని కింద నాలుగు కీళ్లూ తడిమి చూసే వరకు క్లాంపు చక్రాన్ని తాకదు.

ఇట్లు,
పై కాగితం ఇంకా పారేయని
తమ విధేయుడు