పేరులో వలస ఉంటే పారిపోయి వచ్చినట్టేనా?

బొబ్బిలి వైపు ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. పేరు చివర 'వలస' ఉన్న ఊళ్లన్నీ బొబ్బిలి యుద్ధంలో పారిపోయి వచ్చినవాళ్లు కట్టుకున్నవట. అంతకుముందు ఇక్కడంతా అడవేనట. భూమి ఇచ్చిందీ, చెరువు తవ్వించిందీ రాజావారేనట. 1979కి ముందు జిల్లా రికార్డులో ఈ ఊళ్ల పేర్లే లేవట, కాబట్టి వీటికి చరిత్రే లేదట. మాదీ అరవై గడపల వలసే. మా పిల్లలే దీన్ని నమ్మి నలుగురికీ పంపుతుంటే ఊరుకోలేకపోయాను.

బొబ్బిలి కోట పడింది 1757 జనవరి 24న. అందులో తప్పు లేదు. కానీ ఆమదాలవలస శ్రీకాకుళం పక్కన ఉంది, కొత్తవలస విశాఖ దారిలో ఉంది. అన్నిటికీ ఒక్క యుద్ధమే కారణమా? వానల్లేక చెరువెండితే జనం తావు మారతారు. శిస్తు కట్టలేక మారతారు. ఇంట్లో అన్నదమ్ములు పెరిగి పొలం చాలకపోయినా మారతారు. పొలం దూరమైతే ముందు అక్కడ పశువుల శాల వేస్తారు, తర్వాత దాని పక్కనే ఇల్లు లేస్తుంది. మనుషులు కదిలారని మాత్రమే ఆ పేరు చెబుతుంది. ఏ ఏడో, ఎందుకో చెప్పదు.

అంతా అడవేనన్న మాటకు శాలిహుండం, రామతీర్థంలోని పాత బౌద్ధారామాలు చూసొస్తే చాలు. అంతమంది బౌద్ధ భిక్షువులకు అన్నం ఎవరు పండించారు? ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన తూర్పు గాంగ రాజులు ఊళ్లను దానమిస్తూ రాయించిన రాగిరేకుల్లో చెరువులు, చెట్లు, పుట్టలు హద్దులుగా కనిపిస్తాయి. మా వలస అప్పుడే ఉందని నేననను. ఈ నేల మీద సేద్యం మాత్రం బొబ్బిలి యుద్ధం కంటే ఎన్నో వందల ఏళ్లు పాతది.

నాకు ఎక్కువ బాధ కలిగించింది రాజావారు భూమి ఇచ్చారన్న మాట. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చాక జమీందారు ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సింది స్థిరపడింది, రైతు దగ్గర వసూలు చేసుకునే పని ఆయన చేతికి పోయింది. జమీందారీ రైతుకు సాగు హక్కును చట్టం గట్టిగా ఒప్పుకున్నది 1908లో. ఆ తర్వాత కూడా, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు రైతుల తరఫున నిలబడ్డ వీరగున్నమ్మ బలైపోయింది. రైతులు అడిగింది అడవిలో కట్టె కొట్టుకునే హక్కు. జమీందారీల రద్దు చట్టం వచ్చింది 1948లో. ఇంత జరిగాక దాన్ని దానమని ఎలా అంటాం?

చెరువు సంగతీ అంతే. తవ్వించింది ఎవరైనా కానీ, దాన్ని నిలబెట్టింది మా వాళ్లే. ఎండాకాలం పూడిక తీసి కావిళ్లతో పొలాలకు మోసుకున్నారు. వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని గట్టు మీద కాపలా కాశారు. మా చెరువు మదుం, అంటే తూము దగ్గర ఒక రాయి ఉంది. నీళ్లు వదలడానికి దిగేవాళ్లు ఎప్పుడూ కాలు పెట్టే చోట అది నున్నగా అరిగి, కొద్దిగా గుంట పడింది. చిన్నప్పుడు మా నాన్న నా పాదాన్ని అందులో పెట్టించి దింపేవారు.

ఇక 1979 సంగతి. విజయనగరం జిల్లాయే ఆ ఏడాది జూన్ 1న పుట్టింది! అంతకుముందు బొబ్బిలి తాలూకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. ఆ శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది. పాత కాగితం కావాలంటే ఆ జిల్లాల పేర్ల కింద వెతకాలి. పైగా మాలాంటి శివారు ఊళ్ల భూములు పెద్ద రెవెన్యూ గ్రామం లెక్కలో ఉంటాయి. జాబితా పైన మా పేరు కనపడకపోవడానికి కారణం అదే.

మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఒక పాత దస్తావేజు ఉంది. మడతల దగ్గర చిరిగిపోతే బట్ట అంటించి దాచింది. గ్రామం అన్నచోట పెద్దూరి పేరుంది. కింద హద్దుల దగ్గర మా వలస పేరుంది. తూర్పు చెరువు గట్టు, దక్షిణం గెడ్డ (వాగు), పడమర మా పెదతాత గారి మెట్ట, ఉత్తరం బళ్ల దారి. ఆ దారి మీద ఇప్పుడు సిమెంటు రోడ్డు పడింది, మిగతా మూడూ అక్కడే ఉన్నాయి.