పోలింగ్ ముగిశాక మారిన నిబంధన

ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగులు వేసే పోస్టల్ బ్యాలెట్ల పంచాయితీ సుప్రీంకోర్టు గడప తొక్కి 2024 జూన్ 3, సోమవారం ఉత్తచేతులతో తిరిగొచ్చింది. ఫలితాలు వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చని హైకోర్టు జూన్ 1నే చెప్పేసింది. అంటే మంగళవారం ఉదయం 8 గంటలకు ఆంధ్రప్రదేశ్‌లో లెక్కింపు మొదలైంది మే నెలాఖరులో ఎన్నికల కమిషన్ ఇచ్చిన కొత్త వివరణ ప్రకారమే: ఓటరు సంతకం చేసే డిక్లరేషన్ (ఫారం 13ఏ) మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉంటే చాలు, కింద పేరు, హోదా, ముద్ర లేకున్నా ఓటు చెల్లుతుంది. దీనివల్ల ఏ పార్టీకి లాభమన్న లెక్కలు మాకు అక్కర్లేదు. పోలింగ్ మే 13న జరిగింది. నిబంధనకు కొత్త అర్థం ఆ తర్వాత వచ్చింది. మా అభ్యంతరమంతా ఇక్కడే.

అధికారి నిర్లక్ష్యానికి ఉద్యోగి ఓటును బలి చేయకూడదన్న వాదనలో న్యాయముంది, కాదనం. అయితే ఆ న్యాయం ఫెసిలిటేషన్ సెంటర్లలో (పోస్టల్ ఓటు వేసే కేంద్రాల్లో) టీచర్లు ఎండలో బారులు తీరిన రోజున ఏమైంది?

పోలింగ్ బూత్‌లో ఓటేసేవారికి ఈ బాధ లేదు. వేలికి సిరా, యంత్రం మీద మీట, అంతే. పోస్టల్ ఓటరు సంగతి వేరు. ఈసారి లోక్‌సభకు ఒకటి, శాసనసభకు ఒకటి, రెండు బ్యాలెట్లు. ఒక్కోదానికి ఒక డిక్లరేషన్ (13ఏ), లోపలి కవరు (13బీ), బయటి కవరు (13సీ). బ్యాలెట్‌ను 13బీలో పెట్టి అంటించాలి. డిక్లరేషన్ దాంట్లో పెట్టకూడదు, విడిగా 13సీలో ఉండాలి. బ్యాలెట్ క్రమసంఖ్యను డిక్లరేషన్‌లోనూ లోపలి కవరు మీదా వేయాలి. లెక్కింపు బల్ల దగ్గర ముందు చూసేది ఓటును కాదు, ఈ డిక్లరేషన్‌నే. అందులో ఓటరు సంతకం లేకున్నా, ధ్రువీకరణ లేకున్నా, నంబర్లు కలవకున్నా 13బీని చింపనే చింపరు. లోపల ఎవరికి వేశారో ఎవరికీ తెలియకుండానే ఆ ఓటు పక్కకు పోతుంది. పైగా తొందరలో డిక్లరేషన్‌ను బ్యాలెట్‌తో కలిపి లోపలి కవరులో దూర్చేసేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు.

వీటిలో ఓటరు చేతిలో లేనిది ఒక్కటే, అధికారి ధ్రువీకరణ. ఆ అధికారిని వేసింది రిటర్నింగ్ అధికారి. కూర్చోబెట్టింది ఫెసిలిటేషన్ సెంటర్లోనే. ఒక రబ్బరు స్టాంపు, ఒక ఇంకుప్యాడ్ అక్కడ బల్ల మీద పెట్టలేకపోయిన యంత్రాంగం, పోలింగ్ ముగిశాక ముద్రే అక్కర్లేదంది. అనుమానమొస్తే నమూనా సంతకాలతో పోల్చుకోవాలట. ఒక్కో బల్లకు 500 దాకా కవర్లు, చుట్టూ అరుస్తున్న ఏజెంట్లు. ఆ హడావుడిలో పేరు లేని గీత ఎవరిదని వెతుకుతారు?

కేరళలోని పెరింతల్‌మన్న శాసనసభ స్థానం గుర్తుంది కదా? 2021లో అక్కడ మెజారిటీ 38. లోపాలున్నాయని లెక్కించకుండా పక్కన పెట్టిన పోస్టల్ ఓట్లు 348. ఆ కేసు 2024 ఆగస్టు దాకా కేరళ హైకోర్టులో నలిగింది. మన దగ్గర అలాంటి తేడాతో ఎవరైనా గెలిచి ఉంటే, ఓడినవారు మొదట చూపేది ఈ వివరణ తేదీనే. ఈసారి పెట్టె మూతపడ్డాక సడలించారు. వచ్చేసారి పెట్టె మూతపడ్డాక బిగిస్తే ఏ ముఖంతో కాదంటాం? సడలింపు మంచిదే కావచ్చు. పోలింగ్ తర్వాత వస్తే మాత్రం అది ఎవరో ఒకరికి చేసిన ఉపకారంగానే కనిపిస్తుంది, నిజంగా కాకపోయినా.

డ్యూటీ సొంత నియోజకవర్గంలోనే పడినవారు ఫారం 12ఏతో ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్ తీసుకుని, పనిచేస్తున్న బూత్‌లోనే యంత్రం మీద ఓటేయవచ్చు. ఎంతమందికి ఆ సంగతి చెప్పారు? 85 ఏళ్లు దాటినవారు ఫారం 12డీ ఇచ్చి ఇంటి ఓటు కోరుకుంటే జాబితాలో పేరు పక్కన 'పీబీ' (పోస్టల్ బ్యాలెట్) అని పడుతుంది, ఆ తర్వాత మనసు మారినా బూత్‌లో ఓటుండదు. ఓటరు ఎంపికకు ఇంత కచ్చితంగా గడువు గీసే కమిషన్ తన నిబంధనకు మాత్రం గడువు లేదనుకుంటోంది. ముసలమ్మ మనసు మార్చుకోకూడదు, కమిషన్ మార్చుకోవచ్చు. ఆ ఒక్క వివరణ ఏప్రిల్‌లో ఇవ్వడానికి అడ్డుపడిందెవరో ముందు చెప్పండి.