శ్రీ ఇత్తడి బాకా గ్రామఫోను వారి దివ్య సముఖమునకు

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. క్షేమం కాకేం! మొన్న ఒక హోటల్ లాబీలో తమరిని చూశాను. అక్వేరియానికీ పూలకుండీకీ మధ్య, నెత్తిన అంత పెద్ద ఇత్తడి బాకా పెట్టుకుని, వచ్చేపోయే వాళ్ళ సెల్ఫీలకు పోజులిస్తున్నారు. పక్కన అట్టముక్క మీద ‘యాంటిక్, 1905, ముట్టుకోరాదు’ అని రాసి ఉంది. ముట్టుకోలేదు లెండి. ముట్టుకుంటే పాలిష్ చేతికి అంటేట్టుంది.

తమరి జాతకం నాకు కాస్త తెలుసు కాబట్టి ఈ ఉత్తరం.

బాకాని అడిగితే 1905 అంటుంది. ముల్లు కదలికను పాటగా మార్చే సౌండుబాక్సుని అడిగితే 1940ల నాటిదాన్నంటుంది. పెట్టె చెక్క మాత్రం మొన్న దసరాకి రంపం కిందికి వెళ్ళింది. హెచ్.ఎం.వి. కుక్క బొమ్మ స్టిక్కరు అంచులు ఇంకా పైకి లేస్తున్నాయి. తాతా, తండ్రీ, మనవడూ ఒకే ఒంట్లో కాపురం చేసే ఉమ్మడి కుటుంబాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. మెడ సంగతి చెప్పనే అక్కర్లేదు, బాత్‌రూమ్ షవర్ గొట్టం గుర్తొచ్చింది.

ఇంతకీ తమరి గుండె ఎవరిదో తెలుసా? నల్ల రెక్సిన్ కట్టిన ఒక సూట్‌కేసుది. హెచ్.ఎం.వి. 102 అనే పోర్టబుల్ గ్రామఫోను. 1931లో మొదలై 1950ల చివరిదాకా తయారైంది. మూత తీస్తే మూలన ముళ్ళ డబ్బా, మూతలో ప్లేట్లు, అంటే రికార్డులు, పెట్టుకునే అర, పక్కన క్లిప్పులో ఇరికించిన, స్ప్రింగు చుట్టే హ్యాండిల్. బాకా బయటికి కనపడదు, పెట్టె లోపలే మడిచి ఉంటుంది. పాట అందులోంచి వచ్చి తెరిచిన మూతకు తగిలి గదిలోకి వస్తుంది. మా ఇళ్ళల్లో నాటకం పద్యాలు విన్నది ఇలాంటి పెట్టెల్లోనే. కపిలవాయి రామనాథశాస్త్రి రాగం ఎత్తుకుంటే, మూడు నిమిషాలకు ప్లేటు అయిపోతుందని తెలిసి కూడా, ముసలివాళ్ళు తల ఊపడం ఆపేవాళ్ళు కాదట. తర్వాత ఘంటసాల పద్యాలూ అందులోనే.

ఆ పెట్టెకు ఒకటే లోపం. నల్లగా, పొట్టిగా, గుమాస్తాలా ఉంటుంది. సెల్ఫీకి పనికిరాదు. అందుకని దాన్ని విప్పి, మోటారు ఒక చోట, సౌండుబాక్సు ఒక చోట, ప్లేటు తిరిగే పళ్ళెం ఒక చోట పెట్టి, అందులోంచి తమరిని పుట్టించారు. మనుషుల్లో గుండె దానం చెయ్యాలంటే డాక్టర్లు ప్రాణం పోయిందని తేల్చాలి, బంధువులు సంతకం పెట్టాలి. ఇక్కడ స్క్రూడ్రైవరు చాలు. పైగా దాత పాట పాడుతూనే ఉంటాడు.

ఒక వింత చెప్పనా? బాకా అంటే ఒకప్పుడు కంపెనీలకే సిగ్గు. డ్రాయింగ్ రూములో ఇంత అడ్డంగా ఉంటే ఎలా అని అమెరికాలో విక్టర్ కంపెనీ 1906లో విక్ట్రోలా తెచ్చి, బాకాని బీరువాలోకి దూర్చి తలుపులు వేసింది. అక్కడి కొత్త తరం ఆ బీరువా లోపలి యంత్రాన్ని పీకేసి అందులో విస్కీ సీసాలు సర్దుకుంటోంది. పీకిన యంత్రం ముక్కలుగా ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతుంది. వాళ్ళు బాకా దాచిన యంత్రాన్ని చంపి బీరువా ఉంచుకున్నారు, మనం బాకా దాచిన యంత్రాన్ని చంపి బాకా తగిలించుకున్నాం. మధ్యలో పోయింది మాత్రం పాటే. విదేశాల్లో సేకరణదారులు తమరి వంశానికి ఒక ముద్దుపేరు పెట్టారు. యథాతథంగా రాస్తే బాగుండదు, ‘చెత్తఫోను’ అనుకోండి.

ఆ ఇత్తడి మోజు తమరి ఒక్కరిదే అనను. కుక్క బొమ్మ వేసిన ఫ్రాన్సిస్ బరాడ్ మొదట దాని ముందు ఎడిసన్ ఫోనోగ్రాఫు పెట్టాడు. దాని నల్ల బాకా బొమ్మకు కళ తేవడం లేదని, ఒక ఇత్తడి బాకా అరువిస్తారేమోనని గ్రామఫోను కంపెనీకి వెళ్ళాడు. వాళ్ళు బాకాతో పాటు మొత్తం యంత్రాన్నే మార్చి తమ గ్రామఫోను వేస్తే బొమ్మ కొంటామన్నారు. 1899లో అతను పాత యంత్రం మీద కొత్తది పులిమేశాడు. అంటే ఆ కుక్క వింటున్నది కూడా మార్చిన యంత్రమే! అయినా అసలు కాలం నాటి బాకాలు చాలావరకు రంగు వేసిన రేకువి, కొన్ని చెక్కవి. ఇత్తడివి లేకపోలేదు గానీ, తమరిలా పెళ్ళికొడుకులా మెరిసినవి ఎన్ని?

ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు మావాళ్ళు. తమరిని తయారుచేసిన షాపులోనే తమరి అన్నదమ్ముడొకడి నోరు విన్నాను. షాపువాడు డెమో అని పాత తెలుగు ప్లేటు పెట్టాడు. ఇనుప ముల్లు ఒక్క వైపుకే పనికొస్తుంది, వైపు మారితే ముల్లు మార్చాలి. ఆ ముల్లు ఎన్నాళ్ళ నుంచి ఉందో, వాడికే తెలీదు. నల్లటి ప్లేటు మీద బూడిద రంగు చార పడుతూ పోతోంది. పద్యం అయిపోయి రాగం అందుకునేసరికి స్ప్రింగు నీరసించింది. పాపం గాయకుడు పైస్థాయిలో మొదలుపెట్టి, మెట్లు దిగినట్టు దిగి, చివరికి ఆవలించినట్టు ఆగిపోయాడు. “పాత పాటలు ఇలాగే ఉంటాయి సార్” అన్నాడు షాపువాడు.

సరే, నేను అక్కడికి ఎందుకెళ్ళానో కూడా చెప్పాలి, లేకపోతే తమరే అడుగుతారు. మా తాతగారి 102కి స్ప్రింగు తెగింది. హైదరాబాద్ జుమ్మేరాత్ బజారంతా తిరిగి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, చివరికి ఆ షాపు గోడౌన్‌లో తేలాను. పేరెందుకు లెండి. గట్టి స్ప్రింగు కావాలన్నాను. “ఆడుతున్న పెట్టెలోంచి తీసిస్తా సార్, గ్యారంటీ” అన్నాడు. నేనేమన్నాను? బేరం ఆడాను. వంద తగ్గించాడు. కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్న చేతికీ గ్రీజు ఉంది.

వాడు స్ప్రింగు తీస్తుంటే గోడౌన్ వెనక్కి వెళ్ళాను. సౌండుబాక్సులు ఒక ప్లాస్టిక్ బుట్టలో, సంతలో వంకాయల్లా. కొన్నింటి జింకు లోహం ఉబ్బి పగిలిపోయింది. గోడవారగా ఖాళీ రెక్సిన్ పెట్టెలు నిలువెత్తున ఉన్నాయి. అవి కూడా వృథా పోవట, షూటింగులకు అద్దెకు వెళ్తాయట. ఒకటి తెరిచాను. మోటారు ఉండాల్సిన చోట పెద్ద బొక్క. మూత లోపల ఒక రూళ్ళ కాగితం అంటించి ఉంది. ఊదా సిరాతో, గుండ్రటి అక్షరాలతో:

‘రాయబారం – 4. ఒకటి బీట.
హరిశ్చంద్ర – 3.
హిందూస్తానీ – 1. (అల్లుడుగారిది)
మాస్టారికి ఇచ్చినవి – 2. రాలేదు.’

ఆ ‘రాలేదు’ కింద రెండు గీతలు.

ఖాళీ పెట్టె కొన్నాను. వాడు నన్ను అదోలా చూశాడు. మోటారు ఏదని అడిగితే, పాలిష్ ఆరబెడుతున్న కొత్త పెట్టె వైపు గడ్డం ఊపాడు. అప్పటికి బాకా ఇంకా బిగించలేదు. ఏదో హోటల్ ఆర్డరన్నాడు. అలా మన తొలిపరిచయం అయింది. తమరికి గుర్తుండకపోవచ్చు.

ఇంటికొచ్చి తుడుస్తుంటే తెలిసింది, విప్పినవాడు ఒకటి మర్చిపోయాడు. క్లిప్పులో ఇరుక్కున్న హ్యాండిల్. చెక్కపిడి అరిగి, ఒక పక్క బొటనవేలు పట్టేంత గుంట పడింది. తమరికి మెరిసే కొత్త హ్యాండిల్ పెట్టినట్టున్నారు, లాబీలో చూశాను, మర పట్టక వేలాడుతోంది.

తమరు ఇక పాడేదెలాగూ లేదు. ఏదో ఒక రోజు హోటల్‌కు కొత్త ఇంటీరియర్ డిజైనరు వస్తాడు, తమరిని కిందికి దించుతారు. ఆ రోజు పాత సామాన్లవాడి కంటే ముందు నాకు కబురు పెట్టించండి. బాకా నాకొద్దు, వాడికే ఇచ్చేయండి. మోటారు మాత్రం అడుగుతాను.

హ్యాండిల్ నా దగ్గర ఉంది.

ఇట్లు,
తమరి ఖాళీ పెట్టె యజమాని