రోగాలకూ ఒక ప్రవర్తనా నియమావళి కావాలి

కేంద్ర ప్రభుత్వోద్యోగి ఎలా నడుచుకోవాలో 1964 నాటి ప్రవర్తనా నియమావళి విశదంగా చెబుతుంది. ఎవరి దగ్గర ఏ పాటి కానుక పుచ్చుకోవచ్చో, స్థలం కొంటే ఎవరికి తెలియజేయాలో అందులో రాసి ఉంది. ఆ ఉద్యోగి అరవై నిండి ఇంటిపట్టున కూర్చున్నాక అతని ఒంట్లో మకాం పెట్టే రోగాలకు మాత్రం ఇంతవరకు ఎవరూ ఏ నియమావళీ రాయలేదు. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం మీద, అంటే మనవాళ్లు పొద్దున లేస్తే తలచుకునే సీజీహెచ్ఎస్ మీద, పెన్షనర్లు చేసే ఫిర్యాదులన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నా దృఢమైన అభిప్రాయం. పథకంలో లోపం లేదు. లోపమంతా రోగాలది, అవి ఆఫీసు ఉత్తర్వులు చదవవు.

ముందుగా పథకానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. 1954లో ఢిల్లీలో మొదలైన ఈ ఏర్పాటు, విరమణ చేసినంత మాత్రాన మనిషిని వదిలిపెట్టదు. వేతన స్థాయిని బట్టి నెలకు 250, 450, 650, 1000 రూపాయల చందా ఉంటుంది. పదేళ్ల చందా ఒక్కసారే కట్టేస్తే, అంటే కింది మెట్టువారు 30,000, పై మెట్టువారు 1,20,000 రూపాయలు చెల్లిస్తే, జీవితకాలపు కార్డు చేతికొస్తుంది. అరవై దాటినవాడు కనబడగానే షుగరెంత, బీపీ ఎంత అని ఆరా తీసి ప్రీమియం పెంచే ప్రైవేటు కంపెనీల కాలంలో, ఒక్క రక్తపరీక్ష కూడా అడగకుండా మన ఆయుష్షు మీద ఇంత నమ్మకం ఉంచే సంస్థ మరొకటి లేదు. (ఈ మాట వ్యంగ్యం కాదు. ఆ డబ్బుకు ఆ రక్షణ బయట దొరకదని లెక్క వేసుకున్న ప్రతివారికీ తెలుసు.)

అయితే ఈ రక్షణకు ఊళ్లతో ఒక పట్టింపు ఉంది. సీజీహెచ్ఎస్ లేని చిన్న పట్టణంలో ముప్పై ఏళ్లు కొలువు చేసిన గుమస్తాను 1944 నాటి వైద్య సహాయ నియమాలు కాపాడుతూ వచ్చాయి. విరమణ రోజున శాలువా కప్పి, దండ వేసి, ఫొటో తీయించి సాగనంపేటప్పుడు ఆ నియమాలు కూడా ఆయనకు వీడ్కోలు చెబుతాయి, ఎందుకంటే అవి విశ్రాంత ఉద్యోగులకు వర్తించవు. అదే ఊళ్లో ఉండిపోతే ఓపీ వైద్యానికి నెలకు 1000 రూపాయల స్థిర వైద్య భత్యం ఇస్తారు. ఆస్పత్రిలో చేరవలసి వస్తే రక్షణ ఉండాలంటే, చందా కట్టి దగ్గరి సీజీహెచ్ఎస్ నగరంలో కార్డు తీసుకోవాలి. కనుక ఒకే మనిషికి దగ్గు సొంత ఊళ్లో రావాలి, గుండెపోటు హైదరాబాదులో రావాలి. ఇంత సులభమైన విభజనను దగ్గు పాటిస్తున్నది గాని గుండెపోటు పాటించడం లేదు. పిల్లనిచ్చేటప్పుడు చూసుకున్నట్టుగా, విరమణకు ఐదేళ్ల ముందే వెల్‌నెస్ సెంటర్, అంటే పథకం నడిపే దవాఖానా, ఎంత దూరమో చూసుకుని ఇల్లు కొన్నవారు మాత్రం నిశ్చింతగా ఉన్నారు.

ఆ వెల్‌నెస్ సెంటర్ ఉదయం ఏడున్నరకు తెరుస్తారు, మధ్యాహ్నం రెండింటికి మూస్తారు. అక్కడ పాత పెన్షనర్లు డాక్టరు పేరు కన్నా ఫార్మసీ కిటికీ దగ్గరి మనిషి ముఖకవళికలను ఎక్కువ శ్రద్ధగా చదువుతారు. చీటీలోని ఆరు మందుల్లో నాలుగు కౌంటరు మీదికి వస్తాయి; మిగతా రెండింటికి ఎదురుగా ఆయన ఒక గుర్తు పెట్టి, "ఇండెంట్ పెట్టాను పెద్దాయనా, రేపొచ్చి తీసుకోండి" అంటాడు. రేపు వెళితే ఒకటి వచ్చి ఉంటుంది. తప్పెవరిది? స్టాకులో ఉన్న మందుకు లొంగే అవకాశం ఉండి కూడా, లేని మందునే కోరుకున్న రోగానిది.

ఆస్పత్రిలో పడుకునే మంచానికి కూడా సర్వీసు రిజిస్టరుతో సంబంధం ఉంది. మూలవేతనం 36,500 రూపాయల వరకు ఉన్నవారికి జనరల్ వార్డు, 50,500 వరకు ఉన్నవారికి సెమీ ప్రైవేటు, ఆ పైవారికి ప్రైవేటు గది. ఇది ఎంతో న్యాయమైన ఏర్పాటు. ఆఫీసులో జీవితమంతా గుమస్తా గుమస్తాగా, అధికారి అధికారిగా మెలిగి, కిడ్నీలో రాయి విషయంలో హఠాత్తుగా సమానులైపోతే క్రమశిక్షణ ఏం కావాలి? ఇద్దరికీ ఒకే డాక్టరు, ఒకే ఆపరేషన్ అన్న మాట నిజమే. అయినా తెర ఒకరికి, తలుపు ఒకరికి.

ఇక గుర్తింపు పొందిన ఆస్పత్రుల దగ్గరికి వద్దాం, అసలు రుచి అక్కడే ఉంది. ఉద్యోగంలో ఉన్నవాడు సాధారణంగా బిల్లు ముందు తాను కట్టి తర్వాత రాబట్టుకోవాలి. పెన్షనరుకు మాత్రం అక్కడ నగదు రహిత వైద్యం చేయాలని నిబంధన. ఈ గౌరవాన్ని అందుకోవడానికి వెళ్లిన ఒక పెద్దమనిషిని అడ్మిషన్ కౌంటరులోని అమ్మాయి తలెత్తకుండానే, "క్యాషా, ఇన్సూరెన్సా, సీజీహెచ్ఎస్సా అంకుల్?" అని అడిగింది. ఆయన కార్డు బల్ల మీద పెట్టారు. అమ్మాయి కార్డును చూసింది, కంప్యూటరును చూసింది, మళ్లీ కార్డును చూసి "బెడ్లు ఫుల్ అంకుల్" అంది. వెనకే ఉన్న కొడుకు, "క్యాష్ అయితే?" అన్నాడు. "ఏ ఫ్లోరులో కావాలి సార్?" అంది అమ్మాయి. ఆస్పత్రులను తప్పుపట్టేవారు ఒక సంగతి గమనించాలి: ఒక్కో వైద్యానికి పథకం కట్టిన సీజీహెచ్ఎస్ రేట్లు తక్కువని, ఆ తక్కువ సొమ్ము కూడా వేళకు అందదని వాటికీ ఓ బాధ ఉంది. ప్రభుత్వం ఆస్పత్రికి బాకీ, ఆస్పత్రి రోగికి మంచం బాకీ. ఎవరికీ బాకీ లేనిది పదేళ్ల చందా ముందే కట్టేసిన ఆ పెద్దమనిషి ఒక్కరే.

పోనీ, జాబితాలో లేని ఆస్పత్రికి అత్యవసరంగా వెళితే? వెళ్లవచ్చు. ఆ తర్వాత అది నిజంగా అత్యవసరమేనని అక్కడి డాక్టరు చేత ధ్రువపత్రం రాయించి, బిల్లులన్నీ జతపరచి, ఆరు నెలల్లోగా దాఖలు చేస్తే, సీజీహెచ్ఎస్ రేటు మేరకు డబ్బు వస్తుంది. ఆ రేటుకూ కట్టిన బిల్లుకూ నడుమ ఉన్న అగాధాన్ని పెన్షనరు తన గ్రాట్యుటీతో పూడ్చుకుంటాడు. గుండెకు యంత్రం అమర్చుకున్న శివకాంత్ ఝా అనే విశ్రాంత ఉద్యోగి ఈ అగాధం దగ్గరే ఆగి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆస్పత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో ఖర్చు నిరాకరించరాదని, వైద్యం నిజంగా జరిగిందా లేదా అన్నదే చూడాలని 2018లో న్యాయస్థానం చెప్పింది. పెన్షనర్ల క్లెయిములు తేల్చడానికి ఉన్నతస్థాయి కమిటీ నెలనెలా సమావేశం కావాలని కూడా చెప్పింది. చూడగా, నెలకోసారి కలవడం కమిటీకన్నా కీళ్లనొప్పులకే బాగా అలవాటైనట్టుంది.

డెబ్బై దాటినవారు వెల్‌నెస్ సెంటర్ డాక్టరు రాసే రెఫరల్ చీటీ లేకుండానే గుర్తింపు పొందిన ఆస్పత్రిలోని స్పెషలిస్టును నేరుగా కలవవచ్చునన్న వెసులుబాటు ఒకటి ఉంది. అందువల్ల అరవై తొమ్మిదో ఏట వచ్చే రోగాలకు, ఒక్క ఏడాది ఓపిక పట్టవలసిందిగా ఆదేశాలివ్వడం అవసరం.

నేను ప్రతిపాదించే ముసాయిదాలో ఇది మొదటి నిబంధన. ప్రతి రోగమూ రావడానికి ముందు వెల్‌నెస్ సెంటర్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి; పెన్షనరు కూతురింటికో కొడుకింటికో పొరుగూరు వెళ్లినప్పుడు రోగం ప్రధాన కేంద్రం విడిచి వెంట వెళ్లరాదు; ఏ రోగమూ తన ప్యాకేజీ రేటుకు మించి ముదరరాదు. ముసాయిదా మీద అభ్యంతరాలుంటే రోగాలు ముప్పై రోజుల్లోగా మూడు ప్రతులతో స్వయంగా హాజరై తెలియజేసుకోవచ్చు. మధ్యాహ్నం రెండు దాటాక వచ్చినవాటిని స్వీకరించరు.