తిరుగుబాటుకు ముహూర్తం: ఆదివారం అర్ధరాత్రి

ఏ పనికైనా ముహూర్తం కుదరాలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ సంగతి అమెరికాలో ఎంటీవీ అనే పాటల ఛానల్ వాళ్ళకీ తెలుసు. 1986 మార్చిలో ‘120 మినిట్స్’ అనే కార్యక్రమం మొదలుపెట్టి, దానికి ఆదివారం అర్ధరాత్రి పన్నెండు నుంచి రెండు దాకా లగ్నం పెట్టారు. లోకాన్ని ధిక్కరించే కుర్రకారు పాటలన్నీ అందులోనే. తెల్లారితే సోమవారం, బడికో ఆఫీసుకో పోవాలి. కాబట్టి లోకాన్ని ధిక్కరించదలచినవాడు ముందు నిద్రను ధిక్కరించి రావాలి. ఇంత పకడ్బందీ ప్రవేశ పరీక్ష మన ఎంసెట్ కూడా కాదు.

వీటికి ‘ఆల్టర్నేటివ్’ అని పేరు. పగలంతా మోగే మైకేల్ జాక్సన్‌కీ, మడోన్నాకీ ప్రత్యామ్నాయం అన్నమాట.

ఆ వీడియోల పొదుపు గురించి చెప్పుకోవాలి. రీప్లేస్‌మెంట్స్ అనే మినియాపొలిస్ బృందం 1985లో తీసిన వీడియో ఒకటుంది. నలుపు తెలుపు. తెర నిండా ఒక స్పీకరు. అది అదురుతూ ఉంటుంది, అంతే. కెమెరా మెల్లగా వెనక్కి జరిగితే, సోఫాలో ఒకడు కూర్చుని సిగరెట్టు కాలుస్తుంటాడు. పాడేవాళ్ళు లేరు, స్టెప్పులు లేవు. ఆఖర్న వాడు లేచి స్పీకరును ఒక్క తన్ను తన్ని పోతాడు. పాటకోసారి స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చిన మన నిర్మాతలు దీన్ని చూసుంటే ఎన్ని ఎకరాలు మిగిలేవో!

1991 సెప్టెంబరు 29 రాత్రి ఘోరం జరిగింది. నిర్వాణా అనే రాక్ బృందం కొత్త పాట మొదటిసారి ఈ కార్యక్రమంలోనే వేశారు. బడి జిమ్‌లో పిల్లలు తలలూపుతుంటే, తుడిచే కర్ర పట్టుకుని ఒకాయన తన్మయంగా ఊగుతుంటాడు. (నా మటుకు హీరో ఆయనే.) అది జనానికి నచ్చేసింది. పట్టపగలు కూడా వేయడం మొదలుపెట్టారు. 1992 జనవరికల్లా వాళ్ళ ఆల్బమ్, మైకేల్ జాక్సన్ ఆల్బమ్‌ను దింపేసి, అమెరికాలో ఆల్బమ్‌ల అమ్మకాల జాబితా అయిన బిల్‌బోర్డ్‌లో మొదటి కుర్చీలో కూర్చుంది. ఇక దేనికి ప్రత్యామ్నాయం? ప్రతిపక్షం గెలిచాక ధర్నా ఎవరి ఇంటిముందు చేయాలి?

అన్నట్టు 1991లో ఎంటీవీ ఉత్తమ వీడియో అవార్డు ఆర్.ఇ.ఎం. అనే ఇంకో ఆల్టర్నేటివ్ బృందం పాటకొచ్చింది. తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. పరాయి తిరుగుబాట్లలోనూ మనవాళ్ళ చెయ్యి ఉంటుందని గమనించగలరు.

తర్వాత కార్యక్రమం ఎంటీవీ2కి బదిలీ అయి, 2003లో ఆగింది. 2011లో మళ్ళీ లేపారు. ఇప్పుడా పాటల్ని ‘క్లాసిక్ ఆల్టర్నేటివ్’ అంటున్నారు, ‘సీనియర్ యువనేత’ అన్నట్టు.

అప్పట్లో రెండింటిదాకా మేలుకున్న అభిమానులకు ఇప్పుడు యాభై దాటింది. వారి తరఫున నాదొక విన్నపం. ఈ పాటల్ని సాయంత్రం ఏడింటికి, బీపీ మాత్ర వేసుకునేలోపే వేయాలి. స్పీకరును తన్నే ఘట్టంలో, సిగరెట్టు హెచ్చరిక పక్కనే, ‘మోకాళ్ళు జాగ్రత్త’ అని ఇంకో లైను కూడా వేయించాలి.